నివేదిక నుంచి నీటి దాకా: గోదావరి ఆనకట్ట చరిత్రలో సాంకేతిక నిపుణుల భావప్రసార నైపుణ్యం

వ్యాససంగ్రహం

సాంకేతిక విద్యలో భావప్రసార నైపుణ్యాన్ని ఉద్యోగార్హతగా, అందులోనూ ఆంగ్ల సంభాషణా సామర్థ్యంగా మాత్రమే పరిగణించడం పరిపాటి అయింది. నిర్మాణాల చరిత్రను పరిశీలిస్తే ఈ నైపుణ్యం సాంకేతిక కృషిలోనే అంతర్భాగమని తెలుస్తుంది. 1844-1852 మధ్య ధవళేశ్వరం వద్ద రూపొందిన గోదావరి ఆనకట్టను, 1860ల్లో తవ్విన కర్నూలు-కడప కాలువను పక్కపక్కన ఉంచి, ఇంజనీరు తన ఆలోచనను ఎవరికి, ఏ రీతిలో తెలియజేశాడు, ఎవరి మాట విన్నాడు, ఎవరి మాట వినలేదు అనే ప్రశ్నలను ఈ వ్యాసం చర్చిస్తుంది. పాలకులను ఒప్పించగల రచనాశక్తికి, నేలనూ రైతునూ వినగల ఓర్పు తోడైనప్పుడే నిర్మాణం సఫలమవుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గోదావరి ఆనకట్ట, ఆర్థర్ కాటన్, సాంకేతిక నివేదిక, భావప్రసారం, కర్నూలు-కడప కాలువ, వీణం వీరన్న, నీటిపారుదల పదజాలం.

1. ప్రవేశిక

గోదావరి డెల్టా ప్రజల స్మృతిలో సర్ ఆర్థర్ కాటన్ 'అపర భగీరథుడు'. ఊరూరా వెలసిన విగ్రహాలు, ధవళేశ్వరంలోని ప్రదర్శనశాల, గోదావరి స్నాన సంకల్పంలో ఆయన పేరు తలచే ఆచారం ఈ గౌరవానికి నిదర్శనాలు. పురాణ భగీరథుడు గంగను దింపింది తపస్సుతో. కాటన్‌కు ఆ అవకాశం లేదు. ఆయన ముందున్నది ఈస్టిండియా కంపెనీ పాలనాయంత్రాంగం. రెవిన్యూ బోర్డు, మద్రాసు ప్రభుత్వం, లండన్‌లోని డైరెక్టర్ల సభ అనే మెట్లన్నీ ఎక్కితే తప్ప నదిలో ఒక్క రాయి వేయడానికీ వీలులేదు. ఆ మెట్లు ఎక్కడానికి ఆయనకున్న సాధనం నివేదిక.

కాటన్ గురించి తెలుగులో వచ్చిన రచనలు ఎక్కువగా ఆయన ఔదార్యాన్నీ ఇంజనీరింగు ప్రతిభనూ ప్రస్తుతించాయి. ఆయన కృషిని భావప్రసార దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. భావప్రసారం అనే మాటను ఇక్కడ మూడు అర్థాల్లో గ్రహించాలి. మొదటిది, నిర్ణయాధికారం ఉన్నవారికి సాంకేతిక విషయాన్ని బోధపరచడం. రెండవది, పనిచేసేవారితో కలిసి ఆ విషయాన్ని ఆచరణలోకి తేవడం. మూడవది, ఆ నిర్మాణంతో బతకవలసిన వారి అనుభవాన్ని వినడం.

2. అర్ధశతాబ్దం ముందే వచ్చిన ఆలోచన

గోదావరి నీటిని డెల్టా పొలాలకు మళ్లించాలన్న ఆలోచన కాటన్‌తో మొదలుకాలేదు. మద్రాసులో కంపెనీ ఖగోళజ్ఞుడుగా, సర్వేయరుగా పనిచేసిన మైఖేల్ టాపింగ్ 1790ల్లో కృష్ణా, గోదావరి డెల్టాలను సర్వేచేసి, ఇక్కడ సేద్యపు నీటి పనులకు అవకాశం ఉందని సూచించాడు. ఆయన 1794లో మద్రాసులో నెలకొల్పిన సర్వే పాఠశాలే కాలక్రమంలో గిండీ ఇంజనీరింగు కళాశాలగా ఎదిగింది. 1796లో మచిలీపట్నంలో టాపింగ్ మరణించాడు. ఆయన సూచనలు దస్త్రాల్లో మిగిలిపోయాయి.

దీనికి కారణం కేవలం టాపింగ్ చెప్పిన తీరులోని లోపమని తీర్మానించడం చరిత్రకు అన్యాయం. అది మైసూరు యుద్ధాల కాలం. కంపెనీ దృష్టి రాజ్యవిస్తరణపైన, శిస్తు బందోబస్తుపైన ఉంది. అయినా ఒక విషయం గమనించదగినది. సరైన ఆలోచన కాగితం మీద ఉన్నంత మాత్రాన నిర్మాణం కాదు. దానిని మళ్లీ మళ్లీ చెప్పేవారు, చెప్పిన మాట చెవికెక్కే సందర్భం, రెండూ కావాలి.

ఆ సందర్భాన్ని కరువే తెచ్చింది. 1832-33 నాటి నందన కరువు కోస్తా జిల్లాలను కుంగదీసింది. 1839లో కోరంగి తీరాన్ని తుపాను ముంచెత్తింది. ప్రభుత్వ లెక్కల ప్రకారం రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7,38,308. అది 1841 నాటికి 5,61,041కి పడిపోయింది. ఇరవై ఏళ్లలో దాదాపు నాలుగో వంతు జనం తగ్గారు. కొందరు చనిపోయారు, కొందరు వలసపోయారు. నిండుగా పారే నది పక్కన ఊళ్లు పాడుపడ్డాయి. జిల్లా స్థితిని విచారించడానికి నియుక్తుడైన సర్ హెన్రీ మాంట్‌గొమరీ 1844లో తన నివేదిక సమర్పిస్తూ, నీటి వనరుల పరిశీలనకు ఇంజనీరును పంపాలని సూచించాడు. కాటన్ గోదావరి మీదికి వచ్చింది ఈ నేపథ్యంలోనే.

3. నివేదికకు పాఠకుడెవరు?

కాటన్ మొదటి నివేదిక తేదీ 1844 ఆగస్టు 12. ఆనకట్టను స్పష్టంగా ప్రతిపాదించిన రెండవ నివేదిక తేదీ 1845 ఏప్రిల్ 17. వీటి ప్రభావాన్ని అర్థంచేసుకోవాలంటే అవి ఎవరికోసం రాసినవో ముందుగా గుర్తించాలి. వీటిని చదివి నిర్ణయించవలసినవారు ఇంజనీర్లు కారు. వారు శిస్తు లెక్కలు చూసే అధికారులు, లండన్‌లో కూర్చున్న డైరెక్టర్లు. గోదావరిని వారిలో అనేకులు ఎన్నడూ చూసి ఉండరు. ఓడలో వెళ్లే ఉత్తరానికి జవాబు రావడానికి నెలలు పట్టే కాలం అది. చదివేవారికి సందేహం వస్తే తీర్చడానికి రచయిత పక్కన ఉండడు. నివేదిక తన కాళ్ల మీద తాను నిలబడాలి.

ఈ పరిస్థితిలో కాటన్ అనుసరించిన మార్గాలు మూడు.

3.1 తెలిసినదానితో పోల్చడం: కావేరి నీటితో పండే తంజావూరును ఆయన రాజమండ్రి పక్కన నిలిపాడు. తంజావూరు నుంచి వచ్చే శిస్తు ఎంతో కంపెనీ అధికారులకు బాగా తెలుసు. రెండూ డెల్టాలే, రెండు చోట్లా ఒండ్రునేలే. ఒకటి సంపన్నం, మరొకటి నిర్జనం. ఈ తేడాకు కారణం నీటి ఏర్పాటు అని చెప్పినప్పుడు ఇంజనీరింగు తెలియని పాఠకుడికి సైతం విషయం బోధపడుతుంది. వరద రోజుల్లో గోదావరిలో ఒక్కరోజు పారే నీరు లండన్ థేమ్స్ నదిలో ఏడాది పారే నీటికి సమానమన్న పోలిక కాటన్ పేరిట విస్తృతంగా ప్రచారంలో ఉంది. ఘనపుటడుగుల లెక్కను వినేవారి ఊరి నదిలోకి అనువదించడమే ఈ పోలికలోని నేర్పు.

3.2 ప్రత్యామ్నాయాలను ముందుంచడం: నదికి ఎగువన కాలువలు తవ్వి నీరు మళ్లించడమా, అడ్డుకట్ట కట్టి నీటిమట్టం పెంచడమా అనే రెండు మార్గాలనూ చర్చించి, ఆనకట్ట ఎందుకు మేలో ఆయన వాదించాడు. నిర్ణయించేవాడికి ఒకే దారి చూపితే అది ఆజ్ఞలా వినిపిస్తుంది. రెండు దారులు చూపి, వాటి మంచిచెడ్డలు విప్పిచెప్పి, ఒకదానిని ఎంచుకుంటే అది ఆలోచనలో భాగస్వామ్యం అవుతుంది.

3.3 సమగ్ర చిత్రాన్ని గీయడం: ఆయన ప్రతిపాదన ఒక గోడకు పరిమితం కాలేదు. సేద్యపు కాలువలు, మురుగు కాలువలు, వరదను ఆపే గట్లు, పడవల రాకపోకలు, రోడ్లు, వంతెనలు అన్నీ ఒకే వ్యవస్థలో భాగాలుగా చూపాడు. పండిన ధాన్యం రేవుకు చేరే దారి కూడా అదే పథకంలో కనిపించినప్పుడు, ఖర్చు చూసి వెనుకాడే అధికారికి రాబడి మార్గమూ కనిపిస్తుంది.

ఈ వాదంలో శిస్తు ప్రస్తావన ప్రధానంగా ఉండడాన్ని కొందరు వలసపాలన స్వభావానికి ఉదాహరణగా చూస్తారు. అది వాస్తవమే. కంపెనీకి అర్థమయ్యే భాష రాబడి భాషే. జనం దుస్థితి గురించి అదే కాటన్ తరువాతి కాలంలో తీవ్రంగా రాశాడు. శ్రోత ఏ భాషలో వింటాడో ఆ భాషలో చెప్పడం భావప్రసారానికి మొదటి సూత్రం. ఆ భాషకు లొంగిపోవడం వల్ల కలిగే ప్రమాదం కర్నూలులో బయటపడింది. దానిని ఆరవ భాగంలో పరిశీలించవచ్చు.

1846 చివర డైరెక్టర్ల అనుమతి లభించింది. ఆనకట్టకు వేసిన తొలి అంచనా 47,575 పౌండ్లు, అంటే నాటి మారకంలో సుమారు 4 లక్షల 75 వేల రూపాయలు. పని 1847లో మొదలై 1852 మార్చి 31న ముగిసింది. ఖర్చు తొలి అంచనాను దాటింది. అయినా పని ఆగలేదు. నివేదికలు కలిగించిన విశ్వాసం అందుకు ఒక కారణంగా భావించవచ్చు.

4. వినడమూ నైపుణ్యమే

ధవళేశ్వరం వద్ద గోదావరి లంకలతో కలిపి సుమారు నాలుగు మైళ్ల వెడల్పు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఆనకట్టను నిర్మించారు. నది అడుగంతా ఇసుక. గట్టి రాతిపొర దొరికితే తప్ప పునాది వేయరాదన్నది ఐరోపా ఇంజనీర్ల సాధారణ విశ్వాసం. ఆ విశ్వాసం ప్రకారం అక్కడ కట్టడమే అసాధ్యం.

ఈ సమస్యకు పరిష్కారాన్ని కాటన్ కావేరి తీరంలో నేర్చుకున్నాడు. చోళుల నాటిదిగా ప్రసిద్ధమైన కల్లణై ఇసుక మీదనే శతాబ్దాలుగా నిలిచి ఉంది. 1830ల్లో కొళ్లిడం మీద ఆనకట్టలు కట్టినప్పుడు ఆయన దానిని శ్రద్ధగా పరిశీలించాడు. లోతు తెలియని ఇసుకలో పునాదిని ఎలా నిలపాలో ఇక్కడి పూర్వపు నిర్మాతల నుంచే తాము నేర్చుకున్నామని, మద్రాసు ప్రాంతపు నదీ నిర్మాణాల ఆర్థిక విజయానికి ఆ పాఠమే మూలమని ఆయన తరువాత బహిరంగంగా అంగీకరించాడు. పేరు తెలియని నిర్మాతలు రాతితో, ఇసుకతో చెప్పిన మాటను చదవగలగడం కూడా భావప్రసారమే. తన ప్రతిభగా చెప్పుకోగలిగిన విషయంలో మూలాన్ని ప్రకటించడం సాంకేతిక రచనలోని నిజాయితీకి సంబంధించిన అంశం.

కాటన్‌కు భాషాభ్యసనం మీద ప్రత్యేకాసక్తి ఉండేదని చెప్పడానికి ఒక ఆధారం ఉంది. 1876లో లండన్‌లో ఆయన పేరిట ఒక అరబ్బీ వాచకం వెలువడింది. 180 చిన్న వాక్యాలతో, వినికిడి ఉచ్చారణల ద్వారా భాష నేర్పే పద్ధతిలో దానిని కూర్చాడు. వ్యాకరణ సూత్రాల కంటే ముందు చెవిని సిద్ధం చేయాలన్నది ఆ పద్ధతి సారం. డెబ్బయ్యేళ్లు దాటిన ఒక నీటిపారుదల ఇంజనీరు ఇటువంటి పుస్తకం రాయడం ఆయన వ్యక్తిత్వంలో అంతగా చర్చకు రాని పార్శ్వం.

5. పనితావున భాష

నివేదిక లండన్‌ను ఒప్పించగలదు కాని గోదావరిలో రాయి వేయలేదు. వేలాది కూలీలు, రాతిపనివారు, ఇటుక పనివారు, వడ్రంగులు, కమ్మరులు పనిచేసిన చోట ఆజ్ఞలు ఇంగ్లీషులో సాగవు. ఈ మధ్యస్థానంలో నిలిచిన వ్యక్తిగా వీణం వీరన్న పేరు ప్రసిద్ధం. గోదావరి నిర్మాణాల పర్యవేక్షణలో జీవితం గడిపి, రాయ్ బహదూర్ బిరుదు పొంది, 1867లో మరణించిన ఆయన స్మృతిచిహ్నం ధవళేశ్వరం లాకుల వద్ద ఉంది. కొలతల కాగితాన్ని పనివాడి మాటలోకి, పనివాడి ఇబ్బందిని అధికారి మాటలోకి మార్చగలిగినవారు లేకుంటే ఐదేళ్లలో ఆ పని పూర్తికావడం ఊహించలేం. 1848లో కాటన్ అనారోగ్యంతో సెలవుపై వెళ్లాడు. 1850లో ఆయన తిరిగివచ్చే దాకా కెప్టెన్ ఛార్లెస్ ఓర్ ఆధ్వర్యంలో పని కొనసాగింది. రూపకర్త లేనప్పుడు కూడా పని నడిచిందంటే ఆలోచన ఒక్కరి తలలో మిగిలిపోకుండా పదిమందికి చేరిందని అర్థం.

ఈ పరస్పర సంపర్కానికి పదజాలమే సాక్ష్యం. తమిళ 'అణైక్కట్టు' ఇంగ్లీషు నివేదికల్లో 'ఆనికట్'గా స్థిరపడి నిఘంటువులకెక్కింది. ఇంగ్లీషు నుంచి వచ్చిన 'లాకు', 'ఓవర్సీరు', 'డెల్టా' డెల్టా తెలుగులో ఇంటిమాటలయ్యాయి. పారశీక మూలం గల 'లస్కరు' సైన్యం, ఓడల నుంచి దిగి కాలువగట్టు మీద నీటిని చూసుకునే ఉద్యోగిగా మారాడు. తూము, బోదె, మురుగు కాలువ, ఆయకట్టు, శివారు, వంతు వంటి మాటలు వీటి పక్కన నిలిచి, రైతుకూ ప్రభుత్వ శాఖకూ ఉమ్మడి భాషను ఏర్పరచాయి. 'కాలువలు కట్టేశారు' అంటే వేసవిలో నీటి విడుదల ఆపారని డెల్టాలో చదువురానివారికి కూడా తెలుసు. ఇది ఏ పరిభాషా సంఘమూ కూర్చని సాంకేతిక పదజాలం. ఆనకట్ట ముగిసిన 1852లోనే సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడడం యాదృచ్ఛికమే. అయినా రెండు భాషల మధ్య వంతెన ఎంత అవసరమైన కాలమో ఆ తేదీ గుర్తుచేస్తుంది.

ఈ చరిత్రలో ఒక వెలితిని కూడా ప్రస్తావించాలి. కూలీలు ప్రభుత్వ పత్రాల్లో ప్రధానంగా సంఖ్యలుగానే కనిపిస్తారు. వారి మాటను వారి మాటగా భద్రపరిచే ఏర్పాటు లేదు. భావప్రసారం జరిగింది కాని దాని దస్తావేజు ఒకవైపుదే.

6. కర్నూలు-కడప కాలువ: ఒప్పించిన కలం, వినని చెవి

గోదావరి విజయం కాటన్ మాటకు బలం పెంచింది. 1854లో లండన్‌లో ప్రచురించిన పుస్తకంలో ఆయన భారతదేశంలో ప్రజోపయోగ నిర్మాణాల ఆవశ్యకతను గట్టిగా ప్రతిపాదించాడు. ఆ వాదనల ప్రేరణతో తుంగభద్ర నీటిని కాలువల ద్వారా తూర్పుకు మళ్లించే పథకం రూపుదిద్దుకుంది. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఏర్పడింది. 10 లక్షల పౌండ్ల మూలధనం మీద 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. సుంకేసుల వద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి, అక్కడి నుంచి కడప దాకా సుమారు 190 మైళ్ల కాలువను 1860ల్లో తవ్వారు. సమకూర్చిన సొమ్ము చాలక ప్రభుత్వం అదనంగా అప్పు ఇవ్వవలసి వచ్చింది.

కాలువలో నీరు వచ్చింది. దానిని తీసుకునే రైతులు ఆశించినంతగా రాలేదు. కాలువ సాగిన ప్రాంతంలో అధికభాగం నల్లరేగడి. ఆ నేలలో జొన్న, పత్తి వంటి మెట్టపంటలు వానతోనే పండుతాయి. రేగడి తేమను పట్టి ఉంచుతుంది, నీరు ఎక్కువైతే పంట దెబ్బతింటుంది. మాగాణి సేద్యానికి మడులు కట్టాలి, నేల చదును చేయాలి, పెట్టుబడి పెట్టాలి, ఆపైన నీటితీరువా చెల్లించాలి. వాన పడిన ఏడాది రైతుకు ఆ అవసరం కనిపించలేదు. వాన తప్పిన ఏడాదే నీటికి గిరాకీ పెరిగేది. ఇటువంటి ఆదాయంతో కంపెనీ నిలదొక్కుకోలేకపోయింది. చివరకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనుగోలు చేసింది.

నష్టానికి అంచనాల లోపం, నిర్మాణ వ్యయం, కంపెనీ నిర్వహణ వంటి కారణాలూ ఉన్నాయి. వాటన్నిటినీ భావప్రసార లోపం కింద జమకట్టడం సరికాదు. ఈ కాలువను కట్టినవాడు కాటన్ కాడు, దాని వెనుక ఉన్న వాదానికి మాత్రమే ఆయన ప్రధాన ప్రతినిధి. అయినా రెండు ప్రాంతాల మధ్య తేడా గమనార్హం. గోదావరి డెల్టా రైతుకు వరిసాగు తెలుసు, నీటి కోసం ఎదురుచూపు ఉంది. అక్కడ ఆనకట్ట అడిగిన ప్రశ్నకు జవాబు. కర్నూలులో పెట్టుబడిదారులను, ప్రభుత్వాన్ని ఒప్పించినంత శ్రద్ధగా రేగడి రైతును ఎవరూ అడగలేదు. తంజావూరు, గోదావరి పోలిక లండన్ పాఠకుడికి ఎంత సులభంగా బోధపడిందో, అంత సులభంగా అది రేగడి నేలకూ వర్తిస్తుందన్న భ్రమ కలిగించింది. మంచి ఉపమానం తన హద్దు దాటినప్పుడు వాదాన్ని తప్పుదారి పట్టిస్తుంది.

7. 1878: మాట చెల్లని సభ

1876-78 ధాతు కరువు తరువాత బ్రిటిష్ పార్లమెంటు భారతదేశపు ప్రజోపయోగ నిర్మాణాల విచారణకు 1878లో కమిటీని నియమించింది. దేశమంతటా రవాణా, సేద్యపు కాలువల వ్యవస్థ నిర్మించాలని, రైలుమార్గాల కంటే అవి చౌక అని ఎంతోకాలంగా వాదిస్తూ వచ్చిన కాటన్ ఆ కమిటీ ముందు సాక్ష్యమిచ్చాడు. అప్పటికి ఆయన వయస్సు 75. కమిటీ ఆయన ప్రణాళికను ఆమోదించలేదు. రైలుమార్గాల పట్ల మొగ్గు, వాటి వెనుక ఉన్న ఆర్థిక ప్రయోజనాలు ఇందుకు ముఖ్య కారణాలు. కాలువ కంపెనీల నష్టాలు కూడా ఆయన వాదానికి ఎదురు సాక్ష్యాలయ్యాయి. 1845లో ఒక నది గురించి, ఒక జిల్లా గురించి చూపిన నిర్దిష్టత దేశవ్యాప్త ప్రణాళికలో సాధ్యం కాలేదు. వాదం పెరిగినకొద్దీ ఆధారం పలచబడింది. సాంకేతిక నిపుణుడి మాటకు విలువ తెచ్చేది స్వరంలోని ధీమా కంటే చూపగలిగిన నేల, కొలత, పంట అని ఈ రెండు సందర్భాలు తెలుపుతున్నాయి.

8. ముగింపు

పై పరిశీలన నుంచి ఈ అంశాలు తేలుతున్నాయి.

8.1 గోదావరి ఆనకట్ట రూపకల్పనలో నివేదికా రచన ఇంజనీరింగుకు వెలుపలి పని కాదు. పాఠకుడిని ఎరిగి, తెలిసినదానితో పోల్చి, ప్రత్యామ్నాయాలను చర్చించి రాసిన పాఠం వల్లనే ఆ ఆలోచన కాగితం దాటింది.

8.2 స్థానిక నిర్మాణ జ్ఞానాన్ని గ్రహించి దాని మూలాన్ని అంగీకరించడం ఆ విజయంలో మరో సగం.

8.3 పనితావున సాగిన భాషావినిమయం నుంచి డెల్టా తెలుగులో ఉమ్మడి సాంకేతిక పదజాలం ఏర్పడింది. ఈ పదజాలాన్ని ఊరూరా సేకరించి మాండలిక దృష్టితో అధ్యయనం చేయవలసి ఉంది.

8.4 కర్నూలు-కడప కాలువ అనుభవం ప్రకారం, పైవారిని ఒప్పించడంతో భావప్రసారం పూర్తికాదు. వాడుకదారుడి మాట వినకుండా కట్టిన నిర్మాణం నీరున్నా నిష్ఫలం కావచ్చు.

నేటి తెలుగు రాష్ట్రాల సాంకేతిక విద్యలో భావప్రసార నైపుణ్యాల పేరిట జరుగుతున్న బోధన చాలావరకు ఆంగ్ల ఉచ్చారణ, ముఖాముఖి పరీక్ష, బృందచర్చల చుట్టూ తిరుగుతోంది. అవి అవసరమే. కాని రేపు ఒక ఇంజనీరు శివారు రైతుకు నీటివంతు ఎందుకు తగ్గిందో చెప్పవలసి వచ్చినప్పుడు, నిర్వాసిత గ్రామంలో సర్వే పటం విప్పవలసి వచ్చినప్పుడు ఆ శిక్షణ చాలదు. ఆ సందర్భాల్లో అతనికి కావలసింది విషయాన్ని తెలుగులో విడమరచగల శక్తి, ఎదుటివారి అనుభవాన్ని సాంకేతిక సమాచారంగా స్వీకరించగల వినయం. సాంకేతిక విద్యార్థులకు నివేదికా రచనను, తెలుగు సాంకేతిక పదజాలాన్ని, క్షేత్రస్థాయి సంభాషణను కలిపి బోధించే పాఠ్యాంశాల రూపకల్పనలో తెలుగు శాఖలు, ఇంజనీరింగు శాఖలు కలిసి పనిచేయవలసి ఉంది. ధవళేశ్వరం, సుంకేసుల చరిత్రలు అందుకు తొలి పాఠాలుగా ఉపకరిస్తాయి.